జాడ సంఖ్య 4417

నా కింద ఐదు నౌకలున్నాయని పత్రికలు రాశాయి.
కింద అన్నమాట తప్పు.
పక్కన, అనాలి. కొన్ని రాత్రులు, ఎదురుగా.

గ్రీకు నౌక కాల్చగలదు, సోదాకి మాత్రం ఎక్కకూడదు.
డచ్చి నౌక ఎక్కగలదు, పొద్దుగూకితే ఎక్కదు.
ఫ్రెంచి నౌక అన్నీ చేయగలదు,
పారిస్‌లో ఎవరో భోజనం ముగించి ఫోను తీస్తే.
ఎవరి 'కూడదు'లు వాళ్లు ఎర్ర అట్టమీద రాసుకొచ్చారు.
అన్నీ నాకు కంఠతా వచ్చు.
మా కెనడా 'కూడదు'లది ఇంకో అట్ట, నా జేబులోనే.

అందుకే ఇక్కడ ఆజ్ఞ వేషం మార్చుకుంటుంది.
'మీకు వీలైతే.'
'తెల్లారేలోపు అటువైపు ఒకసారి చూడగలరా.'
కమడోర్‌నయ్యాక
అప్పు అడిగేవాడి భాష నేర్చుకున్నాను.

ఒమన్ అఖాతం, ఆగస్టు.
పైన డెక్కు కమ్మీ పట్టుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కుతుంది.
కింద ఆపరేషన్స్ గదిలో అందరం స్వెట్టర్లలో.
కిటికీ లేదు. సముద్రమంటే ఒక నల్లని తెర,
దానిమీద పాకే పచ్చని గింజలు.

రాత్రి రెండు దాటాక ఒక గింజ వరస తప్పింది.
నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు.
లంగరేసిన చమురు ఓడవైపు, నడిచే మనిషి వేగంతో.
షహ్లా మొరాదీ పిలిచింది,
ఫార్సీలో, అరబ్బీలో, తనకొచ్చిన నాలుగు బలూచీ ముక్కల్లో.
పదహారో ఛానల్లో గరగర తప్ప ఏమీ లేదు.

స్తామతిస్ సిద్ధంగా ఉన్నాడా?
ఉన్నాడు. గొంతులో నిద్ర లేదు, తొణుకూ లేదు.
పన్నెండు వందల గజాలు.
వెయ్యి.
కుర్చీలు కిర్రుమనడం మానేశాయి.
గదిలో ఒక్కరూ నావైపు చూడలేదు,
ఎవరో కాఫీ మూత పెట్టి తీసి మళ్లీ పెట్టారు.

అప్పుడు గింజ కాస్త వంగింది.
నిలిచింది. మళ్లీ అదే వంపు.
ఆ నడక నేనెరుగుదును.
న్యూఫౌండ్‌లాండ్‌లో, కాడ్ చేప ఇంకా దొరికే రోజుల్లో,
మా నాన్న వల చేదుతుంటే పడవ అలాగే
మొరాయిస్తూ పక్కకి జరిగేది.
ఇంజను హోరులో ఆయనకీ ఏ పిలుపూ వినబడేది కాదు.
అమ్మ గట్టుమీంచి గొంతు చించుకునేది.

'ఆగండి,' అన్నాను.
అది అప్పు అడగడం కాదు.

ఆగారు, ఐదు జెండాలూ.
జాడ చమురు ఓడ ముక్కు కిందనుంచి జారి
పన్నెండు మైళ్ల గీత దాటి ఆరిపోయింది.
డచ్చి కెప్టెన్ వీబ్రెన్ రేడియోలో మెల్లగా,
'చేపలవాడే అయుంటాడు.'

పందొమ్మిది రోజుల తర్వాత, అక్కడికి రెండు మైళ్లలో
ఒక సరుకు ఓడ కింద మైను పేలింది.
ఇద్దరు ఫిలిప్పీనోలు.
ఎల్పీడియో ఇంజన్లకి నూనె పోసేవాడు,
రోనిల్ వంటవాడు, చేరి నెల కాలేదు.

విచారణకి ముగ్గురొచ్చారు. మర్యాదస్తులే.
'వల చూశారా?'
లేదు.
'వల చేదినా, మైను దించినా
పడవ ఒకేలా వంగుతుంది కదా, కమడోర్?'
ఆ మాట నాకంతవరకూ తట్టలేదు.
తట్టలేదనే చెప్పాను.
వాళ్లు రాసుకున్నది: కమాండర్ అంచనా.

పదవి అప్పగించిన మర్నాడు
మామూలు చొక్కా వేసుకుని ఫుజైరా రేవుకెళ్లాను.
తెల్లవారుజాము. వంజరాలు మంచులో వరసగా,
పొలుసులతో జారుతున్న నేల.
ఏ పడవమీదా నా సంఖ్య రాసి లేదు, ఎందుకుంటుంది.

చివరి పడవలో ఒక ముసలి సరంగు
ఇంజను పక్కన, చెవుల్లో దూది కుక్కుకుని,
వల కన్నాలు కుడుతున్నాడు.
పిలిచాను.
రెండోసారి, కాస్త గట్టిగా.
మూడోసారి పిలవలేదు.